వెళ్ళేటప్పుడు పట్టిన బ్యాగు వచ్చేటప్పుడు పట్టలేదు: ఒక గేటు ఫిర్యాదు

ఫిర్యాదు రెండు పేజీలుంది గానీ, అసలు ప్రశ్న మొదటి వాక్యంలోనే ఉంది: "ఇదే బ్యాగు నాలుగు రోజుల కిందట మీ విమానంలోనే ఎక్కింది. ఇవాళ దానికి నేనెందుకు డబ్బు కట్టాలి?"

బడ్జెట్ విమానాల గేట్ల దగ్గర రోజూ వినపడే ప్రశ్నే ఇది. మామూలుగా అయితే "కొలతల వివరాలు టికెట్‌లోనే ఉన్నాయి" అని ఒక రెడీమేడ్ జవాబు పంపి ఫైలు మూసేస్తారు. ఈసారి అలా కుదరలేదు. ఆ గొడవ వల్ల విమానం తలుపు 9 నిమిషాలు ఆలస్యంగా మూశారు. ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలో తేల్చాలి కాబట్టి ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది.

నేను విమానసంస్థ ఉద్యోగిని కాను. చెక్-ఇన్, బోర్డింగ్, లగేజీ పనులు కాంట్రాక్టు మీద చేసిపెట్టే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో గేటు సిబ్బందికి శిక్షణ ఇస్తాను, గొడవలు జరిగితే రిపోర్టు రాస్తాను. బడ్జెట్ సంస్థల గేట్ల దగ్గర బ్యాగులు ఆపేవాళ్ళు చాలాచోట్ల మాలాంటి కంపెనీల మనుషులే. రూలు రాసేది ఒకరు, అమలు చేసేది ఇంకొకరు, తిట్లు తినేది ఎప్పుడూ రెండోవాళ్ళే. ఫిర్యాదు చేసినావిడ ఎవరో తెలియకుండా ఉండేందుకు ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. కొలతలు మాత్రం మార్చలేదు.

ఆదివారం సాయంత్రం

విమానం 189 సీట్ల బోయింగ్ 737-800. ఎక్కాల్సినవాళ్ళు 186 మంది. వచ్చిన విమానం ఆగినప్పటి నుంచి మళ్ళీ కదిలేదాకా ఉన్న టైము 25 నిమిషాలు. అందులోనే దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. గేటులో మావాళ్ళు ఇద్దరు. ఒకమ్మాయి బోర్డింగ్ పాసులు స్కాన్ చేస్తోంది. ఇంకో కుర్రాడు ఆమెకు నాలుగడుగుల దూరంలో, క్యూ ముగిసి స్కానింగ్ మొదలయ్యే చోట, సైజర్ పక్కన నిలబడ్డాడు. సైజర్ అంటే బ్యాగు పెట్టి చూసే ఇనప చట్రం.

ఆవిడ చేతిలో ఉన్నది చిన్న గుడ్డ ట్రాలీ. వెనక గట్టి అట్ట, కింద రెండు చక్రాలు, ముందు జేబులో మడిచి కుక్కిన జాకెట్. సీసీటీవీలో మాట వినపడదు గానీ, మా కుర్రాడు దాన్ని ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపడం స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత అతన్నే అడిగితే దాచకుండా చెప్పాడు: "ఇది పట్టదు మేడమ్, కార్డు తీయండి అన్నాను సార్."

పెట్టి చూడకముందే అన్నాడు. ఈ కేసులో మొదటి తప్పు అదే.

"పెట్టి చూడనివ్వండి" అన్నారావిడ. పెట్టారు. జాకెట్ ఉబ్బు దగ్గర ఆగిపోయింది. జాకెట్ తీసి ఒంటి మీద వేసుకుని మళ్ళీ పెట్టారు. ఈసారి దాదాపు మొత్తం దిగింది, చివర నాలుగు వేళ్ళ ఎత్తు ఉందనగా చక్రాల దగ్గర బిగుసుకుంది. మోకాలితో అదిమి చూశారు. కదల్లేదు. "చూశారుగా" అన్నాడు మావాడు.

సరిగ్గా అప్పుడే రెండు జరిగాయి. ఆవిడదానికి రెండింతలున్న ట్రాలీ లాక్కుంటూ ఒకాయన పక్క లైనులోంచి దర్జాగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన ప్రయారిటీ అనే అదనపు సౌకర్యం డబ్బిచ్చి కొనుక్కున్నాడు, పెద్ద బ్యాగు ఆయన హక్కు. కానీ ఆ సంగతి బ్యాగు మీద రాసి ఉండదు కదా. రెండోది, వెనకున్న కుర్రాడు ఆవిడ బ్యాగంతే ఉన్న వీపుసంచిని సైజర్‌లోకి తోశాడు. మెత్తటి సంచి కాబట్టి అటూ ఇటూ నొక్కుకుని దిగిపోయింది. తీసేటప్పుడు సంచితో పాటు సైజర్ కూడా నేల మీంచి లేచింది. అయినా "ఓకే" అని పంపేశారు. ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం అని ఆవిడకు అనిపించిందంటే తప్పేముంది?

9 నిమిషాల లెక్క కూడా వేశాను. కొలవడానికి రెండు, వాదనకు ఐదు, కార్డు మెషీన్‌కి సిగ్నల్ దొరకడానికి రెండు. విమానం తలుపు మూసే టైములోనే ఆ మెషీన్ సిగ్నల్ ఎందుకు పోతుందో నాకు ఇన్నేళ్ళుగా అంతుపట్టలేదు. చివరికి ఆవిడ డబ్బు కట్టి ఎక్కారు. కట్టింది టికెట్ ధర కంటే ఎక్కువ.

వెళ్ళేటప్పుడు ఏం జరిగింది

ఆవిడ బుధవారం ఉదయం బయల్దేరిన విమానాశ్రయంలో కూడా మా కంపెనీయే ఉంది కాబట్టి ఆరా తీయడం తేలికైంది. ఆ విమానంలో 104 మంది. గేటులో మనిషి ఒక్కరే. సైజర్ గోడ పక్కన ఉంది, దాని ముందు క్లీనింగ్ వాళ్ళ బండి ఆపి ఉంది. అంటే ఆ పూట దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఆవిడ బ్యాగు "పాస్" కాలేదు, దాన్ని అసలెవరూ చూడలేదు.

అక్కడి అమ్మాయిని తప్పు పట్టలేను. సగానికి దగ్గరగా సీట్లు ఖాళీ, పై అరలు ఖాళీ, ఒంటరిగా స్కాన్ చేస్తూ బ్యాగులు కూడా కొలవమంటే కుదిరే పని కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

చాలామంది ప్రయాణికులకు అర్థం కానిది ఇదే. "ఈ సంస్థ స్ట్రిక్ట్, ఆ సంస్థ లూజు" అంటుంటారు. నేను చూసినంతవరకు తేడా సంస్థల మధ్య కంటే ఒకే సంస్థ విమానాల మధ్యే ఎక్కువ. విమానం నిండిందా, గేటులో ఎంతమంది ఉన్నారు, వచ్చిన విమానం లేటా, సైజర్ ఎక్కడ పెట్టారు. కాగితం మీది రూలు కంటే ఈ నాలుగే ఎక్కువ పనిచేస్తాయి. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు కొలుస్తారు. వారం మధ్యలో, పొద్దున్నే, చూసీ చూడనట్టు వదిలేస్తారు. అందుకే "పోయినసారి ఏమీ అనలేదు" అన్న మాట నిజమే అయినా, ఈసారికి అది గ్యారంటీ కాదు.

నిండిన విమానంలో పట్టుబట్టడానికి న్యాయమైన కారణం కూడా ఉంది. పాత తరహా పై అరలో ట్రాలీలు నాలుగు పడతాయి. బోయింగ్ 2015లో ప్రకటించిన కొత్త రకం అరల్లో నిలబెట్టి పేరిస్తే ఆరు పడతాయి. ఏ లెక్కన చూసినా సీటుకో ట్రాలీ చొప్పున అందరూ తెస్తే 737 లోపల చోటు చాలదు. చివర ఎక్కినవాళ్ళ బ్యాగులు నడవలోంచి వెనక్కి తెచ్చి, ట్యాగు కట్టి, కింద లగేజీ అరలోకి పంపాలి. 25 నిమిషాల్లో అది మామూలు టెన్షన్ కాదు.

కానీ ఆ వాదన ఈ కేసుకు పూర్తిగా అతకదు. ఆవిడది పై అరలో పెట్టే బ్యాగే కాదు, ముందు సీటు కిందికి పోయేది. అక్కడ రెండు సెంటీమీటర్లు ఎక్కువైతే ఇంకొకరి చోటు పోదు. అంటే ఇక్కడ చోటుతో పాటు డబ్బు కూడా మాట్లాడుతోంది. ఆ సంగతి ఒప్పుకోకుండా ఈ రిపోర్టు రాస్తే అది నిజాయితీ కాదు. అమెరికాలో స్పిరిట్ సంస్థ 2010లో పై అరలో పెట్టే బ్యాగుకు డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. ఐరోపాలో రైనైర్ 2018 నవంబరు నుంచి, ఈజీజెట్ 2021 ఫిబ్రవరి నుంచి మామూలు టికెట్‌కి సీటు కింది బ్యాగు ఒక్కటే ఉచితం అన్నాయి. టికెట్ చవగ్గా ఇచ్చి బ్యాగు దగ్గర రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో బహిరంగ రహస్యం.

టేపు పెట్టి కొలిస్తే

ఆవిడ కూతురు మా గేటున్న ఊళ్ళోనే ఉంటుంది, నెలకోసారైనా వస్తుంటారు. తర్వాత వచ్చినప్పుడు గంట ముందు బ్యాగుతో సహా రాగలరా అని అడిగాను. వచ్చారు. జాకెట్ కూడా అదే తీరులో మడిచి అదే జేబులో కుక్కి తెచ్చారు. "మీకు ఎలా ఉందో అలాగే చూపించాలి కదా" అన్నారు. అప్పుడే నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

బ్యాగు లోపల ఇంకా కుట్టి ఉన్న అట్టముక్క మీద "క్యాబిన్ సైజ్ 40×30×20" అని ఉంది. సంస్థ రూలు కూడా 40×30×20 సెంటీమీటర్లే. కాబట్టి ఆవిడ మోసపోయానని అనుకోవడం సహజం. టేపు పెట్టాను. బ్యాగు ఒళ్ళు సరిగ్గా 40, 30, 20. అట్టముక్క అబద్ధం చెప్పలేదు. కానీ చక్రాలు కిందికి ఒకటిన్నర సెంటీమీటర్లు, వెనక్కి రెండు సెంటీమీటర్లు పొడుచుకొచ్చాయి. అంటే నిజం కొలత 41.5×30×22. జాకెట్ ఉన్నప్పుడు మందం 25.

సంస్థలు చక్రాలు, హ్యాండిల్ కలిపే కొలుస్తాయి. తయారీదార్లు చాలామంది ఒళ్ళు మాత్రమే కొలిచి అచ్చేస్తారు. "క్యాబిన్ సైజ్" అన్న మాటకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. 2015 జూన్‌లో విమానసంస్థల సంఘం ఐయాటా 55×35×20 అని ఒక కొలత ప్రతిపాదించింది, దానికొక గుర్తు కూడా తయారుచేసింది. ఉన్న బ్యాగులన్నీ పనికిరాకుండా పోతాయని గోల లేచేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అప్పటి నుంచి ఎవరి కొలత వారిదే. సీటు కింది బ్యాగు ఈజీజెట్‌లో 45×36×20 ఉండొచ్చు, విజ్ ఎయిర్‌లో 40×30×20. రైనైర్ 40×25×20 నుంచి 40×30×20కి మారింది 2025లోనే. ఎయిర్ ఏషియా లాంటి చోట్ల కొలత కంటే బరువు గొడవ ఎక్కువ. రెండు బ్యాగులు కలిపి 7 కిలోలు దాటకూడదు. ఒక సంస్థకు కొన్న బ్యాగు ఇంకో సంస్థకు పనికొస్తుందనుకోవడమే చాలా గొడవలకు మూలం.

ఇక్కడితో ఆపేస్తే ఫైలు సులభంగా తేలిపోయేది. కొలత మించింది, డబ్బు కట్టాలి, అంతే. కానీ బ్యాగును కొలిచినప్పుడు దాన్ని ఆపిన చట్రాన్ని కూడా కొలవాలి కదా.

ఆ ఇనప చట్రం

ఈ సంస్థ సైజర్లు రూలు కంటే కాస్త వదులుగా చేయించినవే. ప్రతి వైపూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ, లోపలి కొలత 42×32×22. సంస్థ మాకిచ్చిన సూచన కూడా చాలా సూటిగా ఉంటుంది: సైజర్‌లో దిగితే పంపండి, దిగకపోతే డబ్బు. మా సిబ్బంది ఎవరి దగ్గరా టేపు ఉండదు. కాబట్టి గేటు దగ్గర రూలు అంటే ఆ చట్రమే.

ఆ గేటులోని సైజర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి టేపు పెట్టాను. పైన 22 ఉంది. మధ్యలో 22. కింద, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో, 21 కూడా పూర్తిగా లేదు. అడ్డకమ్మీ లోపలికి వంగి ఉంది. వంపు బయటి వైపు పెయింటు లేచిపోయి, పసుపు రంగు గీత ఒకటి పడి ఉంది. రాత్రి నేల కడిగే యంత్రానికి ఉన్న రబ్బరు అంచు అదే పసుపు, అదే ఎత్తు. ఎప్పుడు తగిలిందో ఎవరికీ తెలియదు.

జాకెట్ తీసిన బ్యాగును ఆ సైజర్‌లో పెట్టమన్నాను. సరిగ్గా ఆ వంపు దగ్గర చక్రాలు బిగుసుకున్నాయి, సీసీటీవీలో చూసినట్టే, నాలుగు వేళ్ళ ఎత్తులో. దాన్ని తీసుకుని పక్క గేటుకు వెళ్ళాం. అక్కడి సైజర్ వంగలేదు. అరచేత్తో ఒక్క తోపు తోస్తే బ్యాగు అడుగుదాకా దిగింది. తీయడానికి మాత్రం కాస్త గట్టిగా లాగాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. నా వైపు చూశారు, అంతే.

మా కుర్రాడు, కమీషన్

ఆ ఆదివారం అతను ఆపిన బ్యాగులు మొత్తం 11. మిగతా పదింటి వీడియో కూడా చూశాను. అన్నీ కంటికి కనిపించేంత పెద్దవే, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆపి డబ్బు కట్టించిన ప్రతి బ్యాగుకూ సిబ్బందికి కొంత ముడుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు. రైనైర్ ఒక బ్యాగుకు ఇచ్చే ఒకటిన్నర యూరోను 2025 నవంబరు నుంచి రెండున్నర యూరోలు చేస్తున్నామని, నెలవారీ పరిమితి కూడా ఎత్తేస్తున్నామని బహిరంగంగానే చెప్పింది. స్పిరిట్, ఫ్రాంటియర్ సంస్థలు 2022, 2023 సంవత్సరాల్లో ఇలా సిబ్బందికి 2 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చాయని అమెరికా సెనేట్ ఉపసంఘం 2024 నవంబరులో బయటపెట్టింది.

అతను డబ్బు కోసమే ఆపాడా? అలా అనిపించలేదు. కమీషన్ ఉన్నంత మాత్రాన చిన్న బ్యాగు పెద్దదిగా కనపడదు. కానీ పెట్టి చూడకముందే "పట్టదు" అనే తొందర మాత్రం వస్తుంది. ఒకసారి ఆ మాట నోరు జారాక, ఇక చట్రం పక్షానో ప్రయాణికురాలి పక్షానో కాదు, తన మాట పక్షాన నిలబడతాడు మనిషి. వీపుసంచి కుర్రాణ్ణి వదిలేయడం కూడా అందుకే. అతని బ్యాగు గురించి ముందే ఏమీ అనలేదు కదా.

ఆవిడ ఉత్తరంలో ఒక కోర్టు తీర్పు కూడా జతచేశారు. స్పెయిన్ విమానసంస్థ వుయెలింగ్ కేసులో 2014 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం ఇచ్చినది. చేతి లగేజీ ప్రయాణంలో తప్పనిసరి భాగం, దానికి అదనంగా వసూలు చేయకూడదు అన్నదే ఆవిడ చదివిన ముక్క. పక్కనే ఇంకో ముక్క ఉంది: బరువు, కొలతలు సమంజసమైన హద్దులో ఉంటేనే. ఆ సమంజసం ఎన్ని సెంటీమీటర్లో తీర్పులో లేదు. అదే పట్టుకుని ఇప్పటికీ లాగులాట నడుస్తోంది. స్పెయిన్ ప్రభుత్వం 2024 నవంబరులో ఐదు సంస్థలకు మొత్తం 17 కోట్ల 90 లక్షల యూరోల జరిమానా వేసింది. 2025 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు రవాణా కమిటీ సీటు కింది సంచితో పాటు 7 కిలోల చిన్న బ్యాగు కూడా ఉచితంగా ఇవ్వాలని ఓటేసింది. కమిటీ ఓటు గేటు దగ్గర చెల్లదు. ఆ సంగతి ఆవిడకు మెల్లగా చెప్పాను.

రిపోర్టులో రాసింది

తిలా పాపం తలా పిడికెడు. జాకెట్ కుక్కిన జేబు ఆవిడది. పెట్టి చూడకుండా అన్న మాట మా కుర్రాడిది. వంగిన చట్రాన్ని ఎవరూ కొలవకపోవడం మా కంపెనీది, అంటే శిక్షణ ఇచ్చే నాది కూడా. చక్రాల్ని లెక్కలోకి తీసుకోని అట్టముక్క తయారీదారుది. డబ్బు వెనక్కి ఇవ్వాలనీ, ఆలస్యం మా ఖాతాలోనే వేయాలనీ రాశాను.

సంస్థ వెంటనే ఒప్పుకోలేదు. "కాగితం మీద 20, బ్యాగు 22, మీరే కొలిచారు" అన్నారు. నిజమే. కానీ మిగతా గేట్లన్నిటిలో 22 వెళ్ళనిచ్చి ఈ ఒక్క గేటులో 21 దగ్గర ఆపితే అది రూలు కాదు, ఇనప కమ్మీ వంపు అని తిరిగి రాశాను. మూడు మెయిళ్ళ తర్వాత డబ్బు వెనక్కి ఇచ్చారు. కాకపోతే "తప్పు జరిగింది" అనలేదు, "సద్భావంతో ఇస్తున్నాం" అన్నారు. నాకది నచ్చలేదు, ఆవిడకు అంతకంటే నచ్చలేదు.

మా వైపు మూడు మార్పులు చేశాం. 42×32×22కి ప్రతి వైపూ అర సెంటీమీటరు తగ్గించి ఒక చెక్క దిమ్మ చేయించాం. నెలకోసారి దాన్ని ప్రతి సైజర్‌లోకీ దింపి చూస్తారు. మొదటి నెలలోనే ఇంకో రెండు వంకర సైజర్లు దొరికాయి. రెండోది, సైజర్‌ను స్కానర్ దగ్గర్నుంచి తీసి, జనం క్యూలో చేరే చోట పెట్టాం. అక్కడైతే వెనక జనం తోయరు, మనిషి తీరిగ్గా జాకెట్ తొడుక్కోవచ్చు, ఛార్జర్లు జేబుల్లో వేసుకోవచ్చు. దాంతో ఆ గేటులో పట్టుబడే బ్యాగులు తగ్గాయి, మా కుర్రాళ్ళ మొహాలు కాస్త మాడాయి. మూడోది మాట. "పట్టదు" అనకూడదు, "ఒకసారి పెట్టి చూడండి" అనాలి. శిక్షణలో ఇది చెప్పడానికి అర నిమిషం చాలు, అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. కమీషన్ మాత్రం అలాగే ఉంది. దాన్ని మార్చడం మా చేతుల్లో లేదు.

బంధువులు ఎవరైనా అడిగితే చెప్పేది ఒకటే: చక్రాలున్న చిన్న బ్యాగు కంటే చక్రాల్లేని మెత్తటి సంచి నయం. చక్రాలు నొక్కుకోవు. ముందు జేబు ఖాళీగా ఉంచండి. ఇంట్లోనే, సర్దిన తర్వాత, గోడకు ఆనించి కొలవండి. ఖాళీ బ్యాగు కొలిచి లాభం లేదు.

పోయిన నెల ఆవిడ మళ్ళీ అదే గేటు నుంచి వెళ్ళారు. ఆదివారం సాయంత్రమే, విమానం నిండుగానే ఉంది. బ్యాగు మార్చలేదు. జాకెట్ ఒంటి మీదే వేసుకొచ్చి, ఎవరూ అడక్కముందే నేరుగా సైజర్ దగ్గరికి వెళ్ళి, బ్యాగు దింపి, తీసి, క్యూలో నిలబడ్డారట. అక్కడ డ్యూటీలో ఉన్నది అదే కుర్రాడు. "ఓకే మేడమ్" అన్నాడట. "నేను మిమ్మల్ని అడగలేదు" అన్నారట ఆవిడ.